వాటర్ ప్లాంటు బోరుకి మీటరు పెట్టాలా, వద్దా?

మెట్టఊరు: మా ఊళ్లో వాటర్ ప్లాంట్లు బోరు నీళ్లు తోడి ఇరవై లీటర్ల క్యాన్లలో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆటోల్లో పంపుతున్నాయి, ఏప్రిల్ వచ్చేసరికి ప్లాంట్లున్న వీధుల్లో చేతిపంపులు ఎంత కొట్టినా గాలే వస్తోంది. నీళ్లమ్ముకునే బోర్లకి మీటరు పెట్టాలి, రోజుకి ఇంతకు మించి తోడకూడదని పంచాయతీ తేల్చి చెప్పాలి. మీరేమంటారు?

మర్రిగూడవాసి: నేను ఒప్పుకోనన్నా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం మేము. ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ నల్లా రాకముందు చాలా ఇళ్లకి ఈ క్యాన్లే దిక్కు. అయినా దేశంలో తోడే భూగర్భ జలంలో 87 శాతం దాకా సాగుకే పోతుంటే, వరి మోటార్లను వదిలేసి ప్లాంటువాళ్ల మీద పడితే ఏం లాభం?

మెట్టఊరు: ఫ్లోరైడ్ బాధ నేను కాదనను తమ్ముడూ. కానీ 87 శాతం అనేది దేశం మొత్తం లెక్క, మా చేతిపంపు ఎండేది పక్కనే లోతు బోరు రోజంతా నడవడం వల్ల. పొలానికి పెట్టిన నీళ్లు కొంతైనా అక్కడే ఇంకుతాయి, క్యాన్లోకెక్కినవి ఊరు దాటిపోతాయి. పైగా నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్లో తాగే నీళ్లు ఎన్ని వస్తాయో, చాలాచోట్ల దాదాపు అన్నే నీళ్లు వేస్టుగా కాలవలోకి వదిలేస్తారు, మీ వైపైతే అందులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, అది మళ్లీ ఇంకేది మీ నేలలోకే కదా.

కేరళలో ప్లాచిమడ సంగతి చూడు. 2000లో కోకాకోలా ప్లాంటు వచ్చింది, బావులు పాడయ్యాయని 2002లో ఆదివాసులు ధర్నాకి కూర్చున్నారు, మయిలమ్మ లాంటి ఆడవాళ్లే ముందు నిలబడ్డారు. 2003లో పెరుమాట్టి పంచాయతీ లైసెన్సు రెన్యూ చేయనంది, 2004లో ప్లాంటు ఆగింది. 2005లో హైకోర్టు డివిజన్ బెంచి రోజుకి 5 లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చన్నా అది మళ్లీ తెరుచుకోలేదు. పంచాయతీ గట్టిగా నిలబడితే అంత పెద్ద కంపెనీ కూడా ఆగింది, మన క్యాన్ల ప్లాంటు ఎంత?

మర్రిగూడవాసి: సరే, మీటరు పెట్టారనుకుందాం, దాన్ని చూసేదెవరు? నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, బోరు వేసేముందు దాని ఊసెత్తేవాళ్లు మా వైపైతే లేరు. ప్లాంటు నడిపేవాళ్లే పంచాయతీలో కూర్చుంటే రీడింగు కాగితం మీదే ఉంటుంది.

మెట్టఊరు: అందుకే ఒక్కరి చేతిలో పెట్టొద్దంటున్నా. ప్రతి నెలా రీడింగు ప్లాంటు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి, గ్రామసభలో చదివించాలి. ఎండాకాలం చేతిపంపు ఆగిన రోజున ప్లాంటు బోరూ ఆపించాలి, ఆ అధికారం గ్రామసభకే ఉండాలి.