బీమా కంపెనీ తనిఖీ రిపోర్టు ఆర్టీఐలో ఇస్తారా?

ప్రశ్న (కరీంనగర్ నుంచి):
నాన్నగారి గుండె ఆపరేషన్ క్లెయిమును హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరించింది. పాత బీపీ సంగతి దాచామట. ఆ కంపెనీలో ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ) వాళ్ళు తనిఖీ చేశారని మా ఏజెంటు అంటున్నాడు. ఆ రిపోర్టు చేతికొస్తే మా కేసు గట్టిపడుతుందని ఆశ. పది రూపాయలు కట్టి ఆర్టీఐ వేస్తే ఇస్తారా, రహస్యమంటారా?

జవాబు 1:
రహస్యమనే అంటారు బ్రదర్. ఆర్టీఐ చట్టంలో సెక్షన్ 8(1)(డి), వ్యాపార రహస్యాలు ఇవ్వనక్కర్లేదు. ఆశ పెట్టుకోకండి.

జవాబు 2:
అంత తేల్చిపారేయకండి. నేను బీమా కంపెనీ క్లెయిముల సెక్షన్లో చేసి రిటైరయ్యాను, తనిఖీ బృందాలకు ఫైళ్ళు అందించినవాణ్ణి. వాళ్ళు రాసుకునే కాగితాల్లో కంపెనీ లెక్కలతో పాటు ఎవరెవరి జబ్బులో కూడా ఉంటాయి. మీ పక్కింటాయన షుగరు రిపోర్టు మీ చేతిలో పెట్టరు కదా!

'మమ్మల్ని నమ్మి ఇచ్చిన సమాచారం, బయటపెట్టం' అనడానికి వాడే 8(1)(ఇ) మాత్రం మునుపటంత గట్టిది కాదు. రిజర్వు బ్యాంకు, జయంతిలాల్ మిస్త్రీ కేసులో 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, బ్యాంకుల తనిఖీ రిపోర్టులు ఇవ్వాలంది. అది బ్యాంకుల సంగతి, మీరు పోలికగా చూపొచ్చు. దాన్ని ప్రశ్నిస్తూ బ్యాంకులు వేసిన పిటిషన్లు వింటామని 2022లో అదే కోర్టు అంది కాబట్టి పూర్తిగా దాని మీదే ఆధారపడొద్దు.

దరఖాస్తులో మొత్తం రిపోర్టు అడగొద్దు. క్లెయిముల తిరస్కరణ గురించిన భాగం, పేర్లు తీసేసి ఇమ్మని సెక్షన్ 10 కింద అడగండి. సెక్షన్ 11 ప్రకారం కంపెనీ అభిప్రాయం కూడా అడుగుతారు, 40 రోజుల దాకా పట్టొచ్చు. ఈలోగా ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్లో ఆర్డర్లు వెతకండి. జరిమానా దాకా వెళ్ళిన కేసుల్లో ఆరోపణ, కంపెనీ సంజాయిషీ, చివరి నిర్ణయం అన్నీ అక్కడే పెడతారు.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ సార్. వెతికాను, ఆర్డరేదీ కనబడలేదు. పాలసీ 2018 నుంచి బ్రేక్ లేకుండా కడుతున్నాం.

జవాబు 2:
ఆ ముక్క ముందే చెప్పొద్దూ! 60 నెలలు నిండాక, మోసమని రుజువు చేస్తే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిము కాదనకూడదు. 2024కు ముందు ఈ గడువు ఎనిమిదేళ్ళుండేది. తనిఖీ రిపోర్టు సంగతి తర్వాత చూడొచ్చు. ముందు పాలసీ తీసుకున్నప్పుడు నింపిన ప్రపోజల్ ఫారం కాపీ తీసుకోండి. కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు రాసి నెల చూడండి. దిగిరాకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది దాటనివ్వకండి.