పని తప్పుతున్న సీనియర్ ఆపరేటరుతో షిఫ్ట్ ఇన్‌చార్జి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: షిఫ్ట్ ఇన్‌చార్జి, పటాన్‌చెరు

నేను పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. మా బ్లాకులో రియాక్టర్ల (రసాయనాలతో మందు తయారుచేసే పెద్ద పాత్రల) దగ్గర చాలా ఏళ్లుగా ఉన్న ఒక ఆపరేటరు, నేను ట్రైనీగా చేరినప్పుడు వాల్వులూ లైన్లూ చూపించి పని నేర్పినవాడు, ఇప్పటికీ నేను అన్నా అనే పిలిచేవాడు, కొన్ని నెలలుగా మునుపటిలా లేడు. సోమవారాలు డ్యూటీకి రావడం లేదు. నైట్ షిఫ్టులో మధ్యలో కనబడకుండా పోతున్నాడు. గంటగంటకూ నమోదు చేయవలసిన ఉష్ణోగ్రతలు బ్యాచ్ రికార్డులో ఒక్క ఊపున రాసినట్టు ఉంటున్నాయి. మద్యం వాసన వచ్చిందని తోటివారు అంటున్నారు గానీ, నేను స్వయంగా గమనించలేదు. హెచ్‌ఆర్‌కు రాస్తే ఉద్యోగం మీదికి తెచ్చే ఛార్జిషీటు దాకా వెళ్తుందేమోనని ఒక భయం, ఊరుకుంటే ఏదో ఒక రాత్రి ఇట్టే అంటుకునే సాల్వెంట్ దగ్గర ప్రమాదం జరుగుతుందేమోనని మరో భయం. ఆయనతో ఏమని మాట్లాడాలి, ఎవరి దగ్గరకు పంపాలి?

జవాబు: విశ్రాంత పర్సనల్ మేనేజర్

ఆయన తాగుతున్నారా లేదా అన్నది తేల్చవలసింది డాక్టరు. మీరు చూడగలిగింది పని తీరు మాత్రమే కాబట్టి మాట కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. రాని తేదీలు, షిఫ్టులో కనిపించని సమయాలు, ఆ రికార్డు పేజీలు, వీటిలో మీరు స్వయంగా చూసినవి మాత్రమే ఒక కాగితం మీద రాసుకుని, క్యాంటీన్‌లో నలుగురి మధ్య కాకుండా, షిఫ్టు ముగిశాక తలుపు వేసుకోగలిగిన గదిలో కూర్చోబెట్టి చూపించండి. “అన్నా, ఈ పేజీ చూడు, ఇది నీ పనిలా లేదు, ఏం జరుగుతోంది?” అని అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనలో చాలామంది అక్కడే హితబోధ మొదలుపెడతారు. ఇంట్లో జబ్బు, అప్పు, లోన్ యాప్ వాళ్ల వేధింపు, ఏదైనా బయటికి రావచ్చు. తాగుడు ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. షుగరు ఉన్న మనిషికి రక్తంలో చక్కెర పడిపోయినా మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది.

నా అనుభవంలో కోపం కంటే జాలి వల్లే ఎక్కువ హాని జరుగుతుంది. పాపం అని ఒకరు సోమవారాన్ని సెలవుగా సర్దుతారు, మరొకరు రికార్డు నింపిపెడతారు, చివరికి విషయం పై అధికారుల కంటపడే నాటికి ఛార్జిషీటు తప్ప మరో దారి మిగలదు. ఆ రికార్డుల సంగతి మాత్రం మందు నాణ్యత చూసే క్యూఏ విభాగానికి చెప్పి తీరాలి. మందు మింగే రోగికి సంబంధించిన విషయాన్ని మీ ఇద్దరి మధ్య ఉంచుకోకూడదు. ఏ రాత్రయినా ఆయన డ్యూటీ చేసే స్థితిలో లేరనిపిస్తే, కారణం తేలేదాకా ఆగకుండా రియాక్టర్ దగ్గర నుంచి తప్పించి, మెడికల్ సెంటరులో చూపించి, తోడిచ్చి ఇంటికి పంపండి. బండి తాళం మాత్రం ఆయన చేతికి ఇవ్వకండి.

జవాబు: సోషల్ వర్కర్, డీ-అడిక్షన్ కేంద్రం

తాగుతున్నానని ఆయనే ఒప్పుకుంటే, పిల్లల మీద ఒట్టు వేయించి “రేపటి నుంచి ముట్టను” అనిపించవద్దని నా మనవి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత లేనివి కనబడి మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. మాన్పించడం డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యాలయంలో ఈ చికిత్స ఉంది గానీ, మన దగ్గర ఆ ఊరి పేరునే ఎగతాళికి వాడుతారు కనుక మొదటి మాటలోనే ఆ పేరు తేకండి. ఫ్యాక్టరీ డాక్టరు ద్వారా గానీ, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ద్వారా గానీ మొదలుపెట్టడం సులువు. 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు చీటీ మీద రాసిచ్చి పంపేయకుండా, మీ గదిలోనే ఫోను కలిపి ఇచ్చి, మీరు బయటికి వెళ్లండి.

బతకాలని లేదన్న మాట వస్తే, చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఆ పూట ఆయనను ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి.

జవాబు: కార్మిక సంఘం బాధ్యుడు

చికిత్సకు వెళ్తే జీతం పోతుందనే భయంతోనే మా వాళ్లు చాలామంది వెనకాడతారు. ఆయన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే, అర్హత ఉన్నవారికి డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది, ఆ భృతి తీసుకుంటున్న కాలంలో యాజమాన్యం ఆయనను ఉద్యోగం నుంచి తీసివేయకూడదు. ఇది ముందే చెప్పండి. జబ్బు వివరాలు అడగకండి. మానసిక వైద్యం పొందేవారి వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

షిఫ్ట్ ఇన్‌చార్జి

అందరికీ ధన్యవాదాలు. క్యూఏతో రేపే మాట్లాడతాను. ఆయన “నాకేమీ లేదు” అని లేచి వెళ్లిపోతే ఏం చేయాలి?

విశ్రాంత పర్సనల్ మేనేజర్

వెళ్లనివ్వండి, బలవంతం చేయకండి. పని విషయంలో మాత్రం సడలింపు ఉండదని అప్పుడే చెప్పి, మళ్లీ కూర్చునే తేదీని ఆయన ముందే డైరీలో రాసుకోండి. ఆ తేదీకి పని తీరు మారకపోతే హెచ్‌ఆర్‌కు రాయండి, సహాయం అందుబాటులో ఉందని ఆయనకు చెప్పిన సంగతి కూడా అందులో చేర్చండి.