2011 సీఆర్-జెడ్‌లో ఐఎంఏ లైటు వెలిగింది: బ్యాటరీ మార్చాలా, బండి వదిలేయాలా?

ఫ్రిస్కో_శీను:
అందరికీ నమస్తే. మాది తెనాలి, ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. నా బండి 2011 హోండా సీఆర్-జెడ్, పెట్రోల్ ఇంజిన్‌కి కరెంటు మోటారు తోడుండే హైబ్రిడ్, ఆరు గేర్ల మాన్యువల్. నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పటికి 1,18,000 మైళ్లు తిరిగింది. మా నాన్న అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాణ్ణి, ఎడమకాలికి పని లేని బండి నాకు ఎక్కదు. ఈ బండిలో మొత్తం శక్తి 122 హార్స్‌పవర్ అయితే, అందులో మోటారు ఇచ్చేది ఏ పదమూడో. కానీ సిగ్నల్ దగ్గర రెండో గేరులో అది వెనక నుంచి మెల్లగా తోసినట్టు అనిపిస్తుంది చూడండి, దాని కోసమే కొన్నాను.

పోయిన గురువారం ఆఫీసు నుంచి వస్తుంటే, టోల్‌వే మీద డాష్‌బోర్డులో నిండుగా ఉన్న హైబ్రిడ్ బ్యాటరీ చార్జ్ గీతలు ఉన్నట్టుండి రెండుకి పడిపోయాయి. ఇంజిన్ ఆ బ్యాటరీని నింపే పనిలో పడింది. ఎంత తొక్కినా ఎద్దుబండే. పది నిమిషాలకి గీతలు మళ్లీ వాటంతటవే నిండిపోయాయి. శనివారానికి ఐఎంఏ లైటు (హోండా హైబ్రిడ్ సిస్టమ్ పేరే ఐఎంఏ, అందులో లోపముంటే వెలుగుతుంది), దానికి తోడు చెక్ ఇంజిన్ లైటు. సిగ్నల్స్ దగ్గర పెట్రోల్ ఆదాకి ఇంజిన్ తనంతట తనే ఆగడం కూడా మానేసింది. బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. కోడ్ చదివిస్తే పి0ఏ7ఎఫ్ అని వచ్చింది, హైబ్రిడ్ బ్యాటరీ క్షీణించిందని దాని అర్థం. ఎనిమిదేళ్లు, 80,000 మైళ్ల వారంటీ ఎప్పుడో దాటిపోయింది. ఒక షాపులో అడిగితే కొత్త బ్యాటరీకి చెప్పిన రేటు నేను బండి కొన్న ధరలో సగం పైనే.

మా ఆవిడది ఒకటే మాట: "రెండే సీట్లు, బాబుని ఎక్కించుకోలేం. గాలన్‌కి 34 మైళ్లు ఇవ్వడానికి దీనికి హైబ్రిడ్ అని పేరెందుకు?" నా దగ్గర జవాబు లేదు. నవంబరులో రిజిస్ట్రేషన్ ఉంది. మా కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్ ఇంకా ఉంది కాబట్టి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఫెయిలే. ఏం చేయమంటారు?

ఫీనిక్స్_మూర్తి:
తమ్ముడూ, ఆగు. పెద్ద బ్యాటరీ సంగతి తర్వాత, ముందు బానెట్ కింద ఉన్న చిన్నదాన్ని చూడు. ఈ బండికి ఆల్టర్నేటర్ లేదు, హైబ్రిడ్ బ్యాటరీ నుంచే కన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగ్ వెళ్తుంది. ఆ చిన్నది నీరసపడితే కంప్యూటర్లు తికమకపడి లేనిపోని లైట్లు వెలిగిస్తాయి. స్పేర్‌పార్ట్స్ షాపుల్లో ఫ్రీగా టెస్ట్ చేస్తారు. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 ఉండాలి, 12.2 కంటే తక్కువైతే మార్చెయ్యి.

రెండోది, బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్. అది లాక్కునేది కేబిన్ గాలినే. దుమ్ము, వెంట్రుకలు పట్టేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది. మా ఊరి ఎండల్లో నాకు మొదట పోయింది ఆ ఫ్యానే.

గేర్‌రాడ్_రాజమండ్రి:
మూర్తిగారు చెప్పింది నిజమే కానీ పి0ఏ7ఎఫ్ వచ్చిందంటే కొంత నిజంగానే అరిగి ఉంటుందండి. లోపల 84 సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు, అన్నీ వరసగా కలిపి 100.8. అందులో ఒకటి బలహీనపడినా మిగతా అన్నిటినీ ఆపేస్తుంది. మీ గీతలు ఒక్కసారిగా పడిపోవడం అందుకే.

చవగ్గా దొరికే రీబిల్ట్ జోలికి మాత్రం వెళ్లకండి. పాడైన సెల్స్ తీసి పాతవాటిలోంచే మంచివి ఏరి పెడతారు, అతుకుల బొంత. నాది ఏడు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. 2013 నుంచి వచ్చిన బళ్లలో 144 వోల్టుల లిథియం బ్యాటరీ పెట్టారు, అది మీ దానికి నేరుగా బిగించడం కుదరదు. ముందు గ్రిడ్ చార్జర్‌తో (ఇంటి కరెంటుతో హైబ్రిడ్ బ్యాటరీని నింపేది) మెల్లగా, ఒక రోజు పైగా చార్జ్ చేసి చూడండి, సెల్స్ అన్నీ ఒక స్థాయికి వస్తాయి. బ్యాటరీ మూత తీసేముందు దాని మెయిన్ స్విచ్ ఆపండి, కాసేపు ఆగండి, హై వోల్టేజ్ పనికి వాడే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. నారింజ రంగువి హై వోల్టేజ్ వైర్లు, వాటితో ఆటలొద్దు. తెలియకపోతే తెలిసినవాళ్లతో చేయించుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

డెంటన్_బాబాయ్:
అమ్మెయ్యి శీనూ. పెళ్లాం మాట విన్నవాడు చెడిపోడు.

(మెయిన్ స్విచ్ ఆపేసి పెట్రోల్ మీద తిరిగేద్దామనుకుంటావేమో, 12 వోల్టుల దానికి చార్జింగ్ అందదు. సగం దారిలో ఆగిపోతావు. నాకు అనుభవమే.)

ఫ్రిస్కో_శీను:
మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి ఏమనుకోకండి. చిన్న బ్యాటరీ 11.9 చూపించింది. 151ఆర్ సైజుది కొత్తది వేశాను. లైట్లు పోయాయి, ఆవిడ ముందు కాలరెగరేశాను. తొమ్మిదో రోజు మళ్లీ వెలిగాయి.

ఆ ఆదివారం ఫ్యాన్ విప్పాను. దాన్నిండా తెల్లటి కుక్క వెంట్రుకలు! మాకు కుక్క లేదు. అంటే పాత ఓనరుది, నాలుగేళ్లుగా నాతోనే తిరుగుతోంది. శుభ్రం చేసి, రాజమండ్రిగారు చెప్పినట్టు ముప్ఫై గంటలు గ్రిడ్ చార్జింగ్ పెట్టాను. రాత్రి రెండుసార్లు లేచి గరాజ్‌లోకి వెళ్లి వేడెక్కిందా అని చేత్తో తాకి చూశాను, పసిపిల్లాడికి జ్వరం చూసినట్టు.

ఇప్పుడు రోజుకి రెండుసార్లు పడిపోయే గీతలు వారానికొకసారే పడుతున్నాయి. లైట్లు లేవు. టెస్ట్ ఈ నెలలోనే చేయించేస్తాను. కొత్త సెల్స్‌తో వచ్చే ప్యాక్ సంక్రాంతికి చూద్దాం, అప్పటిదాకా ఎండలో పార్క్ చేయకూడదని నిర్ణయం. చిక్కల్లా ఆఫీసులో నీడ లేదు. వెనక అద్దం అంత పెద్దది, ఎండంతా తిన్నగా బ్యాటరీ ఉన్న చోటే పడుతుంది. దానికి సరిపోయే సన్‌షేడ్ ఎక్కడైనా దొరుకుతుందా? నాకు దొరికేవన్నీ ముందు అద్దానివే.