యూత్ మీటింగుల్లో విశ్వాస సమర్థన నేర్పాలా?

బెరయవాడు:
అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ మీటింగు రెండు గంటలైతే గంటన్నర పాటలకే పోతుంది. "యేసు అనే మనిషి అసలు ఉన్నాడా?" అని కాలేజీలో ఎవరైనా అడిగితే మన పిల్లలు నీళ్లు నములుతున్నారు. హేతువు అడిగే ప్రతివాడికీ సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు (1 పేతురు 3:15). పాటలు కాస్త తగ్గించి ఇది నేర్పుదాం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్, యూదు చరిత్రకారుడు జోసీఫస్ లాంటి క్రైస్తవేతరులు యేసు గురించి రాసినవి, పునరుత్థానానికి సాక్ష్యాలు, లోకంలో చెడు ఎందుకుందన్న ప్రశ్న.

పాతపాట:
వాదనతో ఎవరూ రక్షణ పొందలేదు బ్రదర్. వాక్చాతుర్యంతో రాలేదని పౌలే కొరింథువారికి చెప్పాడు.

బెరయవాడు:
అదే పౌలు ఏథెన్సులో అరేయొపగు అనే సభ మధ్య నిలబడి వాళ్ల కవుల మాటలే ఎత్తి మాట్లాడాడు. కొందరు ఎగతాళి చేశారు, నిజమే. దియొనూసి, దమరి నమ్మారు కదా!

చదువరి:
నేను విశ్వాసిని కాను. జోసీఫస్ అంటే అతని "యూదుల ప్రాచీన చరిత్ర" 18వ పుస్తకంలో యేసు గురించి "ఇతడే క్రీస్తు" అన్న భాగమేనా? చివరిదాకా యూదుడిగానే ఉన్న మనిషి ఆ మాట ఎలా రాస్తాడు? అది తర్వాతి క్రైస్తవ లేఖకుల చేర్పని మీ పండితులే చాలామంది ఒప్పుకుంటారు.

కీర్తన:
పాటలెందుకు తగ్గించాలి? నేను ప్రభువులోకి వచ్చింది పాటలతోనే.

బెరయవాడు:
సిస్టర్, గొడవ పాటలతో కాదు.
చదువరి గారూ, అక్కడ అసలు ఓ చిన్న ప్రస్తావన ఉందనీ, దానికే చేర్పులు జరిగాయనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అది పక్కన పెట్టినా, 20వ పుస్తకంలో "క్రీస్తు అనబడే యేసు" తమ్ముడు యాకోబును చంపించిన సంగతి ఉంది. క్రీ.శ. 64లో రోము తగలబడిన సంగతి రాస్తూ, క్రీస్తుకు పిలాతు మరణశిక్ష వేశాడని టాసిటస్ చెప్పాడు. చేర్పుల సంగతితో సహా అన్నీ పిల్లలకు చెప్పాల్సిందే.

చదువరి:
నేను విన్న ఏ సెమినార్లోనూ చేర్పుల ఊసే ఎత్తలేదు. పైగా శిక్ష పడ్డాడన్నంత మాత్రాన తిరిగి లేచాడని రుజువు కాదు.

పాతపాట:
మీ జోసీఫస్ ఎవరికి కావాలండీ? మా చిన్నోడు చనిపోయిన వారంలోనే ఇలాంటి క్లాసులు పూర్తిచేసిన కుర్రాళ్లిద్దరు ఇంటికొచ్చారు. మా ఆవిడ "దేవుడు ఎందుకిలా చేశాడు" అంటే, ఒకతను నోట్‌బుక్ తీసి స్వేచ్ఛా చిత్తం గురించి మొదలుపెట్టాడు. మొదటి పాయింటు, రెండో పాయింటు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడో పాయింటు నాకు చెప్పారు. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే దేవుడి కోపం తెచ్చుకున్నారు.

బెరయవాడు:
అన్నా, వాళ్లు చేసింది దుర్మార్గం. కానీ నా మాట కూడా వినండి. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీల పేర్లు నాలుగు సువార్తల్లో నాలుగు రకాలుగా ఎందుకున్నాయని మా అక్క సండే స్కూల్లో అడిగింది. "సాతాను అడిగిస్తున్నాడు" అని టీచరు అందరి ముందూ మోకాళ్ల మీద ఉంచి ప్రార్థన చేయించాడు. ఆమె మళ్లీ చర్చిలో అడుగుపెట్టలేదు. అమ్మ భూస్థాపన ఆరాధనకు కూడా గేటు బయటే నిలబడింది.

పాతపాట:
ఆ టీచరు "తెలీదమ్మా, చూసి చెబుతా" అంటే పోయేదిగా! మీ క్లాసుల్లో ఆ మాటకు చోటుందా? నిజం చెప్పండి, ఆధారాలు తేలిపోతే మీరు విశ్వాసం వదిలేస్తారా?

బెరయవాడు:
క్రీస్తు లేవలేదని రుజువైతే వదిలేస్తాను. లేపబడకపోతే మన విశ్వాసం వ్యర్థమని పౌలే రాశాడు.

పాతపాట:
నేను వదలను. నా బిడ్డను ఆయన చేతుల్లో పెట్టాను. మీరు ఆధారాల వల్ల ఆయన్ని నమ్ముతున్నారు, నేను ఆయన్ని ఎరిగి నమ్ముతున్నాను. ఇక్కడే మనకు పడదు.

బెరయవాడు:
మా అక్క ఆయన్ని ఎరగకముందే తలుపు మూసేశారు. ఆమెకు మీ మాట ఎలా చెప్పను?

కీర్తన:
ఇంతకీ ఆ స్త్రీల పేర్ల సంగతేంటి? మా అమ్మాయి కూడా అడుగుతోంది.

బెరయవాడు:
మార్కు ముగ్గురి పేర్లు రాశాడు, మత్తయి ఇద్దరివి. లూకా యోహన్నను చేర్చి, ఇంకా కొందరున్నారన్నాడు. యోహాను మగ్దలేనే మరియ ఒక్కదాన్నే చెప్పినా, ఆమె పేతురుతో "మాకు తెలియదు" అంటుంది, అంటే ఒంటరిగా వెళ్లలేదు. ఎవరూ మొత్తం జాబితా ఇస్తున్నామనలేదు. సలోమే పేరు మత్తయి ఎందుకు వదిలేశాడో మాత్రం నాకు తెలీదు. అమ్మాయికి అది కూడా చెప్పండి.