అప్‌డేట్: డ్రాక్యులా బొమ్మ, చూసి గీసింది కాదు

పోయిన నెల ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను, గుర్తుందా? పొడుగు మీసాలు, భుజాల మీద జుట్టు, నెత్తిన టోపీ ఉన్న వ్లాద్ (డ్రాక్యులా అనేది ఈయన్నే) చెక్క అచ్చు బొమ్మ, అంటే చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చేసింది, పెట్టి, "ఇది ఆయన్ని చూసి గీసిందేనా?" అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పిన దారిలోనే వెతికాను.

తేలిందేమిటంటే, వలాకియా (ఇప్పటి రొమేనియాలో ఒక భాగం) రాజు వ్లాద్ 1476-77 చలికాలంలోనే చనిపోయాడు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆయన బొమ్మతో చిన్న జర్మన్ పుస్తకం అచ్చయింది 1488లో. అక్కడిదే ఇంకో ఊరు బాంబెర్గ్‌లో అచ్చయింది 1491లో. అంటే నేను పెట్టిన బొమ్మ ఆయన పోయిన పదేళ్ల తర్వాతిది! "తేదీ చూడు ముందు" అన్నాయనకి దండం.

నాకు బాగా నచ్చింది మాత్రం 1499 న్యూరెంబర్గ్ బొమ్మ. అందులో మొహం పోలిక ఎవడిక్కావాలి? ఒక పక్క కొరత వేసిన (గుంజలకి గుచ్చిన) శవాలు, ముందు ఒకడు శరీరాలు నరుకుతుంటాడు, రాజుగారు టేబుల్ దగ్గర తాపీగా భోంచేస్తుంటారు. పుస్తకం అమ్ముడుపోవాలంటే అట్ట మీద ఇది చాలదూ!

ఇంకొకటి. ఒక బొమ్మలో ఎడమకి, ఇంకోదాన్లో కుడికి చూస్తుంటే ఇద్దరు వేరు మనుషులనుకోవద్దు. అచ్చయిన బొమ్మని ఉన్నదున్నట్టు చెక్క మీద చెక్కితే, కాగితం మీద తిరగబడి పడుతుంది. నేను సరిగ్గా అక్కడే బోల్తాపడ్డాను.

ఆస్ట్రియాలో ఆంబ్రాస్ కోటలోని ఆయన రంగుల చిత్రం సంగతి ఇంకా చూడాలి.