షీటు 316ఎల్లా, ఉత్త 316ఆ? లేజర్ గన్ వాడినవాళ్లు చెప్పండి

ఆటోనగర్ వెల్డర్: విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గుంటూరు పార్టీ ట్యాంకుకి 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ షీటే కావాలంది. సరుకుతో వచ్చిన సర్టిఫికెట్లో కార్బన్ 0.021 శాతం. పార్టీ తరఫున వచ్చినతను, లోహంలో ఏమెంతుందో చెప్పే లేజర్ గన్‌తో కొడితే 0.047, 0.061, 0.052! షీటు ఇచ్చినాయనతో ఫోన్లోనే గొడవైంది, బాకీ ఆపేశాను. గన్నుని నమ్మాలా, కాగితాన్నా?

స్క్రాప్ బాబాయ్: మేం ముందు అయస్కాంతం పెడతాం, తర్వాత మాలీ (మాలిబ్డినం) చుక్క. లిక్విడ్ వేసి బ్యాటరీ తగిలిస్తే రంగు తిరుగుతుంది, మాలీ ఉన్నట్టు. ఎల్ సంగతి మాత్రం దానికి తెలీదు బాబూ.

గుంటూరు క్యూసీ: చేత్తో పట్టుకునే ఎక్స్‌రే గన్‌కీ తెలీదండి. క్రోమియం, నికెల్, మాలిబ్డినం చక్కగా చెప్తుంది, కార్బన్ దానికి ఆనదు. 316లో కార్బన్ 0.08 దాకా ఉండొచ్చు, ఎల్‌లో 0.03 దాటకూడదు. ఎక్కువుంటే వెల్డింగ్ వేడికి, తుప్పు ఆపే క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. తర్వాత అతుకు పక్కనే తుప్పు మొదలు.

లేజర్ ల్యాబ్: గన్ ఎలా చూస్తుందంటే, లేజర్ తగిలిన చోట రవ్వంత లోహం ఆవిరై వేల డిగ్రీల ప్లాస్మా అవుతుంది. అందులో ఒక్కో మూలకానిది ఒక్కో రంగు వెలుగు. 2023లో చంద్రయాన్-3 రోవర్ చంద్రుడి మీద గంధకాన్ని పట్టింది ఇలాగే. మనకి చిక్కు గాలితో. కార్బన్ గీత 193 నానోమీటర్ల దగ్గర, ఆ వెలుగుని గాలి మింగేస్తుంది. అందుకే ఆర్గాన్ ఊదుతూ కొట్టాలి. అది సరే, షీటుని దేంతో రుద్దారు?

ఆటోనగర్ వెల్డర్: ఆర్గాన్ ఉంది. రుద్దింది మా కుర్రాడే. పొద్దున ఎంఎస్ (మామూలు మైల్డ్ స్టీల్) యాంగిల్ రుద్దిన డిస్కే... ఇప్పుడు వెలుగుతోంది నాకు.

లేజర్ ల్యాబ్: అదీ సంగతి! ఎంఎస్‌లో కార్బన్ 0.2 దాకా ఉంటుంది, ఆ పొడి మీ షీటుకి పూసుకుంది. లేజర్ పైపొరే చూస్తుంది కదా. కొత్త సిరామిక్ డిస్కు వాడండి. సిలికాన్ కార్బైడ్ పేపర్ వద్దు, దాని పేర్లోనే కార్బన్ ఉంది. రుద్దాక వేలు తగలనివ్వకండి, చేతి జిడ్డు కూడా లెక్కలోకొస్తుంది.

గుంటూరు క్యూసీ: ముందు కార్బన్ ఎంతో తెలిసిన స్టాండర్డ్ ముక్క మీద కొట్టి చూడమనండి. అప్పటికీ తేడా వస్తే చిన్న ముక్క కోసి ల్యాబ్‌లో స్పార్క్ టెస్టుకి ఇవ్వండి. కళ్లద్దాలు మర్చిపోవద్దు, అది లేజర్.

ఆటోనగర్ వెల్డర్: ఇవాళ మళ్లీ కొట్టించాం. 0.018 ఉన్న స్టాండర్డ్ మీద 0.020 చూపించింది. మా షీటు మీద 0.024, 0.019, 0.022. ఇప్పుడాయనకి ఫోన్ చేసి ఏమని మొదలెట్టాలో తెలీట్లేదు.

స్క్రాప్ బాబాయ్: ముందు బాకీ పంపు, తర్వాత ఫోన్ చెయ్యి.