తిరుపతిలో అపార్ట్‌మెంట్ కామన్ మీటర్‌కు సోలార్: లెక్కలు, తగాదాలు

బైరాగిపట్టెడ_24
24 ఫ్లాట్లు. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు కలిపి కామన్ మీటర్ నెలకు 900 యూనిట్లు తిరుగుతోంది. ఎన్ని కిలోవాట్లు పెట్టాలి? మేడ ఇవ్వడానికి పై అంతస్తు వాళ్లు ఒప్పుకోవడం లేదు.

మేడలెక్క
రోజుకు 30 యూనిట్లు. మన ఎండకు కిలోవాట్‌కు సగటున 4 యూనిట్లు వస్తాయి కాబట్టి 8 కిలోవాట్లు చాలు, చోటు సుమారు 80 చదరపు మీటర్లు. పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్ల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ, అంటే 1,44,000 రూపాయలు. సబ్సిడీకి ప్యానెళ్లే కాదు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

వాళ్లు ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. బట్టలు, ఒడియాలు ఆరేది అక్కడే. స్టాండును మనిషి నిలబడేంత ఎత్తు లేపితే కింద చోటు మిగులుతుంది. ఖర్చు పెరుగుతుంది, తుఫాను గాలికి పట్టు కూడా ఎక్కువ కావాలి. స్లాబ్‌కు ఎక్కడపడితే అక్కడ బోల్టు కొడితే తర్వాత ఉరిసేది వాళ్ల ఇంట్లోనే.

నీడ_చూసుకో
ట్యాంకుకు దక్షిణాన పెడితే నీడే పడదని చాలామంది అంటారు. మన అక్షాంశం 13.6 డిగ్రీలు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి వెళతాడు, 3 మీటర్ల ట్యాంకు నీడ దక్షిణాన అర మీటరు పడుతుంది. డిసెంబరులో అదే నీడ ఉత్తరాన 2 మీటర్లు దాటుతుంది. రెండు వైపులా జాగా వదలండి.

చిత్తూరు_వైరింగ్
అన్నా, కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగుతుంది. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. లిఫ్టు నడుస్తుందని ఎవరికీ మాట ఇవ్వొద్దు.

ఇంకొకటి. వీధిలో సోలార్ ఇళ్లు ఎక్కువై, మధ్యాహ్నం వాడకం తక్కువైతే లైన్లో వోల్టేజ్ పెరుగుతుంది. 253 వోల్టులు దాటితే చాలా ఇన్వర్టర్లు (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టెలు) ట్రిప్ అవుతాయి, అంటే వాటంతటవే ఆగిపోతాయి. మబ్బు రోజు బాగా నడిచి, మంచి ఎండలో 11 నుంచి 2 మధ్య ఆగుతుంటే ప్యానెళ్లను అనుమానించొద్దు. ఇన్వర్టర్ తెరమీద వోల్టేజ్ చూడండి. సర్వీస్ వైరు సన్నగా, పొడవుగా ఉంటే మార్పించాలి. అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ పెంచి తగ్గించే అమరిక) సరిచేయమని అర్జీ పెట్టాలి.

మేడలెక్క
అందుకే మోటారును పొద్దున 6 గంటలకు బదులు 11 గంటలకు వేయండి. నెట్ మీటర్ (లైనుకు ఇచ్చిన కరెంటును వాడిన దాంట్లోంచి తీసేసే మీటరు) ఉంటే బిల్లులో పెద్ద తేడా కనపడదు, కానీ మీ కరెంటు మీ దగ్గరే ఖర్చవుతుంది. తిరుమలలో 2002లో పెట్టిన సౌర ఆవిరి వంటలో, ఎండను ఒకచోటికి చేర్చే 106 అద్దాల డిష్‌లు పగటి ఎండను పగటి వంటకే వాడాయి. పాత బాయిలర్‌నూ తీసేయలేదు, మబ్బు రోజు దానితో వండారు. నాకు బాగా నచ్చిన పద్ధతి అది.

బైరాగిపట్టెడ_24
పైన ట్యాంకు 10,000 లీటర్లే. పొద్దున నీళ్లు రాకపోతే గొడవ.

మేడలెక్క
మనిషికి 135 లీటర్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు సుమారు 13,000. మధ్యాహ్నం నింపి, మూడున్నరకు మళ్లీ నిండుగా చేయండి. పొద్దున ఎనిమిదిన్నరకు ఓ 20 నిమిషాలు తోడితే సరిపోతుంది. ఇంకో 5,000 లీటర్ల ట్యాంకు అంటే స్లాబ్ మీద 5 టన్నుల బరువు, ఇంజనీరుకు చూపించకుండా పెట్టొద్దు. దానికంటే ముందు అన్ని ఫ్లాట్లలో ఫ్లష్ ట్యాంకులు కారుతున్నాయేమో రంగునీళ్లు పోసి చూడండి.